ప్లగ్గు ఉంది కదా!

పంతులుగారు అన్నీ శాస్త్రోక్తంగానే చేశారు. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, కుంకుమ బొట్లు, బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. గుమ్మడికాయతో దిష్టి తీసి, "ఇక స్టార్ట్ చేసి ముందుకు పోనివ్వండి నాయనా" అన్నారు. బటన్ నొక్కాను. ఆయన అక్షింతలు పట్టుకుని ఎదురు చూస్తున్నారు.

"స్టార్ట్ చేయండి మరి."

"అయిందండీ."

"చప్పుడేదీ?"

"రాదండీ. ప్లగిన్ హైబ్రిడ్డు."

ఆయన బానెట్ వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "చప్పుడు లేకపోయినా దక్షిణ మామూలే" అన్నారు. ఆ రోజు చప్పుడంటూ చేసినవి చక్రాల కింద నిమ్మకాయలే.

కొత్త కారుకు చేసినట్టే పూజ చేయించాను గానీ, కొత్తదనం నాకే. మన దేశంలో షోరూముకు పోయి ప్లగిన్ హైబ్రిడ్ అడిగితే ఎదురయ్యేవి బీఎండబ్ల్యూ ఎక్స్‌ఎం, లంబోర్గిని రెవుయెల్టో లాంటి కోట్ల బాపతు బళ్లు. నిజాంపేట నుంచి హైటెక్ సిటీకి ఈఎంఐల మీద ఈదుకుంటూ వెళ్లే నాలాంటి వాడికి అందేది, ఎవరో పెద్దమనిషి నాలుగేళ్లు తిప్పి వదిలించుకున్నదే. కంపెనీ పేరు చెప్పను. తప్పు కారుది కాదు.

ఈ కారు సంగతేమిటంటే, ఒకే కప్పు కింద రెండు కాపురాలు. ముందు పెట్రోలు ఇంజిను, అడుగున బ్యాటరీ, దానికో మోటారు. ఇన్నోవా హైక్రాస్ లాంటి హైబ్రిడ్‌కు ప్లగ్గుండదు. అది తాగిన పెట్రోలులోంచి, తొక్కిన బ్రేకులోంచి కరెంటు కూడబెట్టుకుంటుంది. పూర్తి ఎలక్ట్రిక్ కారుకు ప్లగ్గే దిక్కు. మా దానికి అదీ ఉంది, ఇదీ ఉంది. రాత్రి గోడకు తగిలిస్తే తెల్లారేసరికి బ్యాటరీ నిండుతుంది. ఆ నిండుదనంతో దాదాపు నలభై కిలోమీటర్లు పెట్రోలు చుక్క ముట్టకుండా నడుస్తుంది. మా ఇంటి నుంచి జేఎన్‌టీయూ మీదుగా హైటెక్ సిటీకి రానూపోనూ పాతిక కిలోమీటర్లు. అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా బంకు మొహం చూడక్కర్లేదు. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు ట్యాంకు నింపుకుంటే దారిలో ఛార్జింగ్ అయిపోతుందన్న బెంగా లేదు. కాగితం మీద ఇంతకంటే బుద్ధిమంతురాలైన కారు లేదు.

నరసరావుపేట నుంచి నాన్న ఫోన్ చేశాడు. మిరప, పత్తి వేసి జుట్టు నెరిసిన మనిషి.

"హైబ్రిడ్డా? ఏరా, నాటుది దొరకలేదా?"

"మంచిదే నాన్నా."

"మంచిదే. హైబ్రిడ్డు కాపు బాగానే కాస్తది. కాకపోతే గింజ దాచుకోవడానికి లేదు. మళ్లీ ఏడు మళ్లీ వాడి కొట్టు ముందే నిలబడాల."

మొదటి సర్వీసు బిల్లు చేతికొచ్చినప్పుడు గానీ ఆ మాట లోతు నాకు తెలియలేదు.

మొదటి వారం నేను కారుకు అలవాటు పడటం కంటే, వీధి దానికి అలవాటు పడటమే కష్టమైంది. మా వీధిలో బండి వస్తోందని చెప్పేది చప్పుడే. కళ్లతో చూసి తప్పుకునే ఆచారం ఇక్కడ లేదు. సందు చివర కొత్తిమీర అమ్మే అవ్వ వెనక్కి తిరిగి, మోకాలికి జానెడు దూరంలో నా బంపరు చూసి, "ఏం బండి బిడ్డా, దయ్యం లెక్క వస్తది!" అని గంప ఎత్తుకుంది. అప్పటినుంచి కిటికీ దించి, "అవ్వా, వస్తున్నా" అని నోటితోనే ఇంజిన్ పని చేస్తున్నాను. జేఎన్‌టీయూ దగ్గర జామ్‌లో మాత్రం నాదే రాజ్యం. బ్రేకు తొక్కిన ప్రతిసారీ తెర మీద పచ్చటి బాణం చక్రాల నుంచి బ్యాటరీకి పరుగెడుతుంది. ఊరంతా పెట్రోలు తగలేస్తున్న చోట నేను మాత్రం చిల్లర ఏరుకుంటున్నాను.

అసలు కథ మూడో రోజు డిక్కీలో బయటపడింది. ఛార్జింగ్ పెడదామని అడుగున ఉన్న మూత ఎత్తాను. నల్లటి సంచి, దానికి జిప్పు. లోపల కేబుల్, కంపెనీవాడు కట్టిన తీగ కట్టినట్టే ఉంది. పైన ప్లాస్టిక్ కవరు. సీలు చెక్కు చెదరలేదు. సీటు కవర్లు మూడుసార్లు మార్పించిన పెద్దమనిషి, నాలుగేళ్లలో ఒక్కసారి కూడా కారును గోడకు తగిలించలేదు! క్వింటాలు పైచిలుకు బ్యాటరీని పెళ్లికొడుకులా కూర్చోబెట్టి, పెట్రోలు పోసి ఊరేగించాడు.

ఆయన్ను తిట్టుకున్నాను. తరవాత తెలిసింది, ఆయన ఒంటరివాడు కాడని. 2018లో బ్రిటన్‌లో కంపెనీ కార్ల ఖర్చు లెక్కలు తీసినవాళ్లకు కూడా ఇలాగే కవరు విప్పని కేబుళ్లు కనబడ్డాయి. 2024 మార్చిలో యూరోపియన్ కమిషన్ రోడ్ల మీది కార్ల లెక్కలు తీస్తే, ప్లగిన్ హైబ్రిడ్ల పొగ ల్యాబులో చెప్పినదానికి సగటున మూడున్నర రెట్లు తేలింది. ల్యాబువాళ్లు జనం బుద్ధిగా ఛార్జింగ్ పెట్టుకుంటారనుకున్నారు. జనం ప్లగ్గు ఉందని చూసుకుని నిద్రపోయారు. తెల్లదొరలే అంతైతే, నిజాంపేటవాణ్ణి నేనెంత?

అయినా నేను పట్టుదల మనిషిని. అపార్ట్‌మెంటు సెక్రటరీగారి దగ్గరికి పోయి, నా పార్కింగు పక్కనున్న స్తంభానికి ఒక్క 16 ఆంప్స్ సాకెట్టు కావాలన్నాను. మూడు కిలోవాట్లు; రెండు ఏసీలు లాగే కరెంటు. మీటరు నాదే, వైరు నాదే, ఖర్చూ నాదే.

ఆదివారం సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేసి సభ పెట్టారు. లిఫ్టు మధ్యలో ఆగిపోతుందని ఒకరు, మీకిస్తే రేపు అందరూ అడుగుతారని ఇంకొకరు. "అందరూ అడిగితే మంచిదే కదండీ" అంటే, "అదే చెబుతున్నా, అందరూ అడుగుతారు" అన్నారు. నాలుగో అంతస్తు పెద్దాయన దిక్సూచి తెప్పించి, నా పార్కింగు ఈశాన్యంలో ఉందనీ, ఈశాన్యంలో అగ్ని పెడితే అపార్ట్‌మెంటు మొత్తానికి అరిష్టమనీ తేల్చారు. ఆగ్నేయంలో పెట్టిద్దామంటే అక్కడ ఆయన కారే ఉంది. దాన్ని కదపడానికి వాస్తు ఒప్పుకోదు. ఇంట్లో ఉన్న కరెంటు కనెక్షన్‌తోనే బండి ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాలు ప్రింటు తీసి చూపించాను. సెక్రటరీగారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, "కేంద్రం రూల్సు కేంద్రానివండీ. బైలాస్ మనవి" అని మడిచి జేబులో పెట్టుకున్నారు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం పెట్టిన ఊరండీ ఇది! ప్రపంచం నలుమూలల నుంచి ఎలక్ట్రిక్ కార్లొచ్చి ఎన్టీఆర్ మార్గ్ మీద గిరగిరా తిరిగిపోయాయి. వాటికి దొరికిన కరెంటు నా స్తంభం దాకా రావడానికి నాలుగు నెలలు పట్టింది.

చివరికి వచ్చింది. బిగించిన రోజు కొబ్బరికాయ కొట్టాం. మొదటి పది రాత్రులూ కేబుల్ తగిలించి, పచ్చలైటు వెలిగాకే మెట్లెక్కేవాణ్ణి. పదకొండో రాత్రి వాన. బండారి లేఅవుట్ వైపు నీళ్లు నిలిచాయని వాట్సాప్‌లో వీడియోలు. మా సెల్లార్‌లో చీలమండల లోతు. ఈ నీళ్లలో నిలబడి కరెంటు ముట్టుకోవడం దేనికి, రేపు పెడదాంలే అనుకున్నాను. పెట్రోలు ఉంది కదా. పన్నెండో రాత్రి వాన లేదు గానీ ఆఫీసు కాల్ ఉంది. పదమూడో రాత్రి ఏ కారణమూ లేదు.

ఎలక్ట్రిక్ కారువాడికి బుద్ధి దానంతటదే వస్తుంది. పెట్టకపోతే పొద్దున్నే బండి కదలదు. ఈ కారు మాత్రం ప్రతి రాత్రీ మన తప్పు కాస్తుంది. నెల తిరిగేసరికి కేబుల్ మళ్లీ నల్ల సంచిలోకి పోయింది. పాత ఓనరు మీద కోపం పూర్తిగా పోయింది. కానీ ఎవరైనా "ఏం బండండీ?" అని అడిగితే, "ప్లగిన్ హైబ్రిడ్డు. పర్యావరణానికి మంచిది" అని చెప్పడం మానలేదు. అబద్ధమేముంది? ప్లగ్గు ఉంది కదా!

అప్పటినుంచి ఎటు చూసినా ఆ కారే కనబడుతోంది. మా అపార్ట్‌మెంటుకు ఇంకుడు గుంత ఉంది. 2002 నాటి వాల్టా చట్టం చెప్పింది కాబట్టి ప్లానులో ఉంది, నేల మీదా ఉంది, దాని మీద సిమెంటు పలకా, ఆ పలక మీద సెక్రటరీగారి స్కూటీ ఉన్నాయి. వాన నీళ్లు రోడ్డు మీదికి పోతాయి, మేం బోరు ఎండిపోయిందని ట్యాంకరు పిలుస్తాం. ప్రతి అంతస్తులో మంటలార్పే ఎర్ర సిలిండరు ఉంది. దాని మెడకు ఎవరివో గొడుగులు వేలాడుతుంటాయి. మా ఆఫీసులో పనే హైబ్రిడ్డు. వారానికి మూడు రోజులు రావాలంటే వస్తాం, గేటు దగ్గర కార్డు గీకుతాం, కాఫీ తాగుతాం, పని చేసుకోవడానికి ఇంటికి పోతాం. ట్యాంకులో పోసేది కూడా అచ్చమైన పెట్రోలేం కాదు, నూటికి ఇరవై పాళ్లు ఇథనాల్. నాటు సరుకు కావాలన్న నాన్నకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు.

నిజాంపేటే పెద్ద హైబ్రిడ్డు. 2019 దాకా గ్రామ పంచాయతీ. ఆ ఏడు బాచుపల్లిని, ప్రగతి నగర్‌ను కలుపుకుని ఏకంగా మున్సిపల్ కార్పొరేషన్ అయింది. 2025 డిసెంబర్‌లో జీహెచ్‌ఎంసీలో కలిసిపోయింది. ఆరేళ్లలో ఇన్ని హోదాలు ఏ ఐఏఎస్ ఆఫీసరుకూ రావు. బోర్డు మారినప్పుడల్లా మా సందు ఫొటో తీసి నాన్నకు పంపుతుంటాను. "ఇదేందిరా, మన ఊరి డొంకేనా?" అంటాడు.

ఈ మొత్తం వ్యవహారంలో మోసపోనిది ఒక్క పన్నుల శాఖే. 2015లో కేంద్రం ఎలక్ట్రిక్ బళ్లను ప్రోత్సహించడానికి ఫేమ్ పథకం పెట్టినప్పుడే, దాని పూర్తి పేరులో హైబ్రిడ్ అన్న మాటను బ్రాకెట్లలో కూర్చోబెట్టింది, పెళ్లి భోజనాల్లో పిలవని చుట్టాన్ని చివరి బంతికి కూర్చోబెట్టినట్టు. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఎలక్ట్రిక్ కారుకు జీఎస్టీ 5 శాతం అయితే, పెద్ద హైబ్రిడ్‌కు 40. తెలంగాణ జీవో 41 కింద 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు పన్ను మాఫీ ఎలక్ట్రిక్ బళ్లకే. వాటికి ఆకుపచ్చ నంబరు ప్లేటు, మాకు మామూలు తెల్లది. అన్యాయం అని మొదట్లో గొంతు చించుకున్నాను. నా సంచికి జిప్పు పడ్డాక నోరు మూసుకున్నాను. నా ప్లగ్గు సంగతి నాకంటే ముందు ఖజానాకే తెలిసినట్టుంది.

ఇంతకీ సాకెట్టు ఏమైందంటారా?

మా అపార్ట్‌మెంటు గేటు పక్కన ఇస్త్రీ బండి ఉంది. బొగ్గుల పెట్టెతో పాతికేళ్లుగా చేతులు కాల్చుకుంటున్న మనిషి. ఒకరోజు నన్ను ఆపాడు.

"సార్, ఆ ప్లగ్గు మీరైతే పెడ్తలేరు గదా. కరెంటు పెట్టె తెచ్చుకున్న. జర నేను పెట్టుకోనా? పైసలు ఇస్త."

పెట్టుకోమన్నాను. నిప్పు రాజుకునేదాకా విసరడం లేదు, చొక్కా మీద నిప్పురవ్వలు లేవు, గేటు దగ్గర పొగ లేదు. మా నలభై ఫ్లాట్లలో బొగ్గు నుంచి కరెంటుకు నిజంగా మారినవాడు అతనొక్కడే. దానికి అతనికి సబ్సిడీ లేదు, పచ్చ ప్లేటూ లేదు.

నెలాఖరుకు నా సబ్‌మీటరు 112 యూనిట్లు చూపించింది. సెక్రటరీగారు ఫొటో తీసి గ్రూపులో పెట్టారు: "302 వారు మనందరికీ ఆదర్శం. నెలకు 112 యూనిట్ల గ్రీన్ డ్రైవింగ్!" నలభై చప్పట్లు, పదిహేను పచ్చ హృదయాలు. ఈశాన్యం పెద్దాయన దండం బొమ్మ పెట్టారు. వచ్చే జూన్ 5న, పర్యావరణ దినం నాడు, సెల్లార్‌లోనే నాకు సన్మానమట.

నిజం చెబుదామని టైపు చేసి, చెరిపేశాను. మీటరు అబద్ధమాడదు కదా.

ఇస్త్రీ అతనికి ఒక తెల్ల చొక్కా ఇచ్చి, సన్మానానికి మడత నలగకుండా చూడమన్నాను. "ఫికరు చేయకు సార్, మీ కారు కరెంటుతోనే చేస్త" అన్నాడు.