దస్త్రాచార్యులు

ఇబ్రహీంపట్నము చుట్టుపట్లనో, గుంటూరు శివారులోనో, తాడేపల్లిగూడెము దారిలోనో, పసుపుపచ్చ బస్సులు బారులు తీరి నిలిచిన ఏ ఇంజనీరింగు కళాశాలలో మీరు అడుగుపెట్టినను, చంకలో నొక లావుపాటి ఫైలు, చేతిలో మరియొకటి, మెడలో గుర్తింపుకార్డు, కన్నులలో రేపటి తనిఖీని గూర్చిన భయము ధరించి, నడుచుచున్నారో పరుగెత్తుచున్నారో తేల్చి చెప్ప వీలుకాని వేగముతో నడవలో ఎదురుపడు పెద్దమనిషి యొకరు తప్పక ఉందురు. వారే దస్త్రాచార్యులు. “సార్, ఇప్పుడు మీకు క్లాసు లేదా?” అని వారి నడుగరాదు. క్లాసు ఉన్నది. అది జరిగినట్లు నిరూపించు కాగితముల కొరకే వారు పరుగెత్తుచున్నారు.

పుట్టుకతోనే ఎవరును దస్త్రాచార్యులు కారు. ఆయనయు ఒకానొక కాలమున ఎం.టెక్. పట్టముతోను, తిమోషెంకో వ్రాసిన పదార్థబలశాస్త్ర గ్రంథముతోను, బీము వంగుటలోని సొగసును లోకమునకు చాటవలెనను ఉబలాటముతోను మెకానికల్ శాఖలో అసిస్టెంటు ప్రొఫెసరుగా చేరినవారే. చేరిన కొలదిదినములకే హాజరుపట్టీయు, 75 శాతము హాజరు లేని పిల్లల తండ్రులకు ఫోను చేయు బాధ్యతయు, కండోనేషను జాబితాయు, కౌన్సెలింగు రిజిస్టరును ఆయన నెత్తి కెక్కినవి. వేసవి వచ్చుసరికి ఇంటర్మీడియట్ పిల్లల చిరునామాలు చేతబట్టుకొని ఊరూరు తిరిగి, “మా కాలేజీలో చేర్పించండి, ప్లేస్‌మెంట్లు బాగుంటాయి” అని ముక్కుమొగము తెలియని గృహస్థులను బతిమాలు అడ్మిషన్ల వ్రతము ప్రాప్తించినది. ఫీజు రీయింబర్సుమెంటు బకాయిలు విడుదల కాలేదను కారణమున జీతము మాత్రము వేళకు ప్రాప్తింపలేదు. ఇన్నిటి నడుమ పాఠమునకు మిగిలిన కాలము స్వల్పము. ఆ స్వల్పమును కూడ, చదువుల నాణ్యతకు ముద్రవేయు అక్రెడిటేషను వచ్చి పుచ్చుకొన్నది.

అక్రెడిటేషను ఉద్దేశము చెడ్డదని నేననను. 1994లో ఆ ముద్రవేయు జాతీయమండలి ఎన్.బి.ఏ. నెలకొని, 2014లో మన దేశము ఇంజనీరింగు పట్టములను దేశములు పరస్పరము గుర్తించుకొను వాషింగ్టన్ ఒప్పందమున శాశ్వతసభ్యత్వము పొందిన పిమ్మట, ఉపాధ్యాయుడు ఎంత చెప్పినాడన్నది కాదు, విద్యార్థి ఏమి చేయగలుగుచున్నాడన్నదే చూడవలెనను సూత్రము మన కళాశాలలలో పాదము మోపినది. ఇంతకన్న న్యాయమైన ప్రశ్న విద్యాలోకమున లేదు. అయితే దీనికి జవాబు విద్యార్థి నడిగినచో ఏమి చెప్పునో యను బెంగ కలదు. ఫైలు నడిగినచో ఆ బెంగ లేదు. ఈ సూక్ష్మమును గ్రహించుటయే మన ఆచార్యుల పాండిత్యము.

ఒక్కొక్క సబ్జెక్టునకు ఐదారు కోర్సు అవుట్‌కములు, డిగ్రీ మొత్తమునకు మొన్నటివరకు పన్నెండు ప్రోగ్రాం అవుట్‌కములు. దేనికి దేనితో ఎంత సంబంధమో 1, 2, 3 అను అంకెలతో గడులు నింపవలెను. కొత్తగా చేరిన లెక్చరరమ్మ ఒకతె ఆ పట్టిక పట్టుకొని వచ్చి, “సార్, మెషిన్ డ్రాయింగుకీ పర్యావరణానికీ సంబంధం ఎంత వేయమంటారు?” అని అడుగగా, ఆయన కండ్లజోడు సవరించుకొని, “అన్నిటా మూడు వేస్తే నమ్మరమ్మా. అక్కడక్కడా ఒకటి పెట్టు. నిజాయితీ కనపడాలి” అని ఉపదేశించిరి. ఇటీవల ఆ పన్నెండును పదకొండుగా కుదించినప్పుడు కళాశాలలో ఏ పాఠమును మారలేదు, ఏ ప్రయోగమును మారలేదు, కాని గడులన్నియు మరల నింపబడినవి. ఆ వారము రోజులు ఆచార్యులవారు ఇంటికి పోయినట్లు దాఖలా లేదు.

ప్రశ్నపత్రము విషయమున ఆయన ప్రతిభ మరింత గణనీయము. 1956లో బ్లూము పండితుడును ఆయన సహచరులును జ్ఞానమునకు ఆరు మెట్లు కట్టిరి. క్రిందిమెట్టు జ్ఞాపకము, పైకి పోయిన కొలది అన్వయము, విశ్లేషణము మొదలైనవి. మన ఆచార్యులు ప్రతి మెట్టునకును తగిన క్రియాపదముల జాబితా నొకదానిని గోడకు అంటించుకొని, ఏండ్ల తరబడి వచ్చుచున్న “నిర్వచింపుము” అను ప్రశ్నను “విశ్లేషింపుము” అని దిద్దుదురు. ప్రశ్న అదియే, జవాబు ఆల్‌ఇన్‌వన్ గైడులోని ఆ పుటయే, విద్యార్థి వ్రాయునదియు అదియే. అయినను వాడు కూర్చున్న బల్లనుండి కదలకయే మొదటి మెట్టునుండి నాలుగవ మెట్టునకు చేరుకొనును.

బోధనను మెరుగుపరచుకొనుటకు ఎఫ్.డి.పి. లనబడు శిక్షణా కార్యక్రమములు కలవు. వానిలో ఒకదాని విషయము, విద్యార్థులు తరగతిలో మనసు పెట్టునట్లు చేయుట ఎట్లు అనునది. అయిదు దినములపాటు ఆన్‌లైనులో సాగిన ఆ కార్యక్రమమునకు ఆచార్యులవారు కెమెరా ఆపి, మైకు కట్టి, మిడ్ పరీక్షల జవాబుపత్రములు దిద్దుకొనుచు శ్రద్ధగా హాజరైరి. ఆఖరుదినమున ఫీడ్‌బ్యాకు లింకు వచ్చిన క్షణమున మాత్రము ఆయన చూపిన మెలకువను ఏ విద్యార్థియు చూపజాలడు. సర్టిఫికెట్టు వచ్చినది, ప్లాస్టిక్ కవరులో చేరినది. దీని కాయనను ఎగతాళి చేయుట ధర్మము కాదు. వార్షిక అప్రైజల్ పత్రములో సర్టిఫికెట్టునకు మార్కులు కలవు, పేపరు ప్రచురణకు మార్కులు కలవు, వర్క్‌షాపు నడిపినందుకు మార్కులు కలవు. బాగుగా పాఠము చెప్పినందుకు మాత్రము గడి లేదు. గడి లేనిచోట చెమటోడ్చుటకు ఆయన కర్షకుడు కాదు గదా.

ఇట్టి మహనీయుని జీవితమున ఒక మధ్యాహ్నము కరెంటు పోయినది. జనరేటరులో డీజిలు లేదు. ప్రొజెక్టరు కన్ను మూసినది. దానితోపాటు ఎనిమిదేండ్లుగా మారని ఆయన స్లయిడులును కన్ను మూసినవి. ఎదుట అరువదిమంది. విధిలేక బల్ల సొరుగు వెదకగా సుద్దముక్కలు దొరికినవి. వానిలో ఒకదానిని రెండు చేతుల వ్రేళ్ల నడుమ పట్టి వంచిరి: అడ్డముగా, నున్నగా తెగినది. రెండవదానిని వంచక, తడిబట్ట పిండినట్లు మెలిపెట్టిరి: అది ఏటవాలుగా, మరచుట్టు తిరిగినట్లు తెగినది. “ఒకే సుద్ద. ఎందుకిలా?” అని అడిగిరి. వెనుకబెంచీలో ఫోనులు క్రిందికి దిగినవి. పెళుసు పదార్థము లాగుడుకు ఓర్వదనియు, మెలిపెట్టినప్పుడు ఆ లాగుడు అక్షమునకు 45 డిగ్రీల కోణమున గరిష్ఠమగుననియు, అందుచేతనే ఆ వాలున తెగినదనియు, పటము గీచి, విరిగిన ముక్కలు చేతి కిచ్చి, నలుబది నిమిషములు చెప్పిరి. చివర నొక కుఱ్ఱవాడు లేచి, “సార్, మైల్డ్ స్టీలు కడ్డీని తిప్పితే కూడా ఇలాగే తెగుతుందా?” అని అడిగెను. ఆచార్యులవారికి చాలాకాలమునకు ఒంట్లో రక్తము పరుగెత్తినది. “తెగదురా! అది కోతకు లొంగుతుంది. అడ్డంగా, సమంగా తెగుతుంది. రేపు ల్యాబులో చూద్దాం రా!” అనిరి. గంట మ్రోగినను ఎవ్వరును లేవలేదు.

ఇంతవరకు కథ శుభము. కాని ఆయన స్టాఫురూములోనికి పోయి, అలవాటు చొప్పున కోర్సుఫైలు విప్పి, “నూతన బోధనా పద్ధతులు” అను శీర్షిక క్రింద “సుద్దముక్క” అని నమోదు చేసిరి. తనిఖీకి వచ్చిన పెద్దలు ఆ పుట చూచి మిక్కిలి మెచ్చుకొనిరి. మెప్పు ప్రిన్సిపాలుగారి చెవిని పడినది. మరుసటి సెమిస్టరులో సర్క్యులరు వెలువడినది: ప్రతి అధ్యాపకుడును నెలకొకసారి తరగతిలో సుద్దముక్క విరిచి, జియోట్యాగు ఫొటోతో, మూడు ప్రతులలో నివేదిక సమర్పింపవలెను. చీకటిలో ఫొటో రాదు గనుక కరెంటు ఉన్న వేళనే విరువవలెనని షరతు. అమలు బాధ్యత, అనుభవజ్ఞులు గనుక, దస్త్రాచార్యులవారిదే.

ఇంగ్లీషు చెప్పు మేడముగారు ప్రొఫార్మా చేతబట్టుకొని వచ్చి, “సార్, నేనూ విరవాలా?” అని అడిగిరి.

“అన్ని డిపార్టుమెంట్లూ అన్నారమ్మా.”

“సరే, విరిచాక పిల్లలకు ఏం చెప్పాలి?”

ఆచార్యులవారు ప్రొఫార్మాను పైనుండి క్రిందికి, వెనుక పుటతో సహా పరిశీలించి, “తేదీ ఉంది, ఫొటో ఉంది, సంతకం ఉంది. చెప్పడానికి ఇందులో కాలమ్ లేదమ్మా” అనిరి.