సీసా చోట పాట

హైదరాబాదులో అవుటర్ రింగు రోడ్డును ఆనుకుని 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాకు ఉంది. 2023 అక్టోబరులో తెరిచారు. నెత్తిన చాలామేర సోలార్ పలకల కప్పు. ఆ నీడన పొద్దున్నే తొక్కేవాళ్లలో ఈ వ్యాసకర్త ఒకడు. సైకిలుకు నీళ్ల సీసా పెట్టే చోట ఈయన బ్లూటూత్ స్పీకరు పెడతాడు. గొట్టంలాంటి ఆ స్పీకరు అక్కడ కొలత తీసి చేసినట్టు కూర్చుంటుంది. ఘంటసాల పాడుతూనే ఉంటాడు, ఈయన గొంతు ఎండుతూనే ఉంటుంది.

చెవుల్లో పెట్టుకునేవి ఉన్నాయిగా అంటే జవాబు సిద్ధం: "వెనకొచ్చే బండి హారన్ వినపడొద్దూ?" రోడ్డు మీదైతే లక్ష రూపాయల మాట. కానీ ఆ ట్రాకు మీదికి లారీ కాదు కదా, లూనా కూడా రాకూడదు.

ఇంట్లో దడదడలాడిన తబలా ఇక్కడ మాయమైపోతుంది. గదిలో గోడలు శబ్దాన్ని తిప్పికొడతాయి, ఆరుబయట పోయింది పోయినట్టే. దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెళ్ల కోత. వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటిందంటే చెవుల దగ్గర గాలి హోరుదే రాజ్యం. ఈయన సౌండు పెంచుతాడు. పల్లంలో ఇంకా పెంచుతాడు. టీ కొట్టు దగ్గర బ్రేకు వేయగానే గాలి ఆగుతుంది, పాట ఆగదు. భక్తిగీతమైతే జనం దండం పెట్టేవాళ్లేమో గానీ, ఆ పూట వచ్చింది ఐటమ్ సాంగు.

ఎదురొచ్చేవాళ్ల కష్టం వేరు. 1842లో డాప్లర్ చెప్పిన సూత్రాన్ని మూడేళ్లకు నెదర్లాండ్స్‌లో ఉట్రెక్ట్ దగ్గర పరీక్షించారు. రైలు మీద బూరలూదేవాళ్లను ఎక్కించి, పట్టాల పక్కన సంగీతం తెలిసినవాళ్లను నిలబెట్టారు. రైలు దగ్గరికొస్తుంటే స్వరం హెచ్చింది, దాటిపోయాక తగ్గింది. ఆ ప్రయోగం ఇప్పుడు ఈ ట్రాకు మీద, నానక్‌రామ్‌గూడ వైపు, రోజూ ఉచితంగా జరుగుతోంది. చెరో 25 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చిన ఇద్దరు దాటుకుంటే, అవతలివాడి చెవిలో పాట పన్నెండు స్వరస్థానాల్లో ఒక మెట్టు దిగి, ఇంకాస్త జారుతుంది. ఆ జారుడు తెలియనిది స్పీకరు యజమానికి ఒక్కడికే. స్పీకరు ఆయనతోపాటే ప్రయాణం చేస్తుంది మరి.

మొన్న తిరుగుదారిలో, క్యాసెట్ల కాలం నాటి పెద్దాయన ఒకరు జాలిగా ఆపారు.

"సెల్లులు మార్చు నాయనా. టేపు ఈడుస్తోంది."

ఈయన ఫోను తీసి స్పీకరు ఛార్జింగు 80 శాతం ఉందని చూపించాడు. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, "మీ దగ్గర మంచినీళ్లున్నాయాండీ?" అని అడిగాడు.