నేను పదకొండో నంబరు నల్లద్దాన్ని

నేను వెల్డింగ్ స్క్రీన్‌లో బిగించే నల్లద్దాన్ని. నా మీద 11 అని నంబరు ఉంటుంది. హైదరాబాద్ నాచారం పారిశ్రామికవాడలో గేట్లు, గ్రిల్స్ చేసే ఒక రేకుల షెడ్డులో నా కొలువు. నా ముందు ఒక తెల్లద్దం కాపలా ఉంటుంది. రాడ్డు నుంచి ఎగిరే నిప్పురవ్వల్ని అదే కాచుకుంటుంది. ఒళ్లంతా గుంటలు పడి మసకబారాక దాన్ని పారేసి ఇంకోటి పెడతారు. మామూలు వెలుతురులో నాలోంచి ఏమీ కనిపించదు. రాడ్డు అంటుకున్నాక మాత్రం కరిగిన ఇనుము అతుకు వెంట పాకడం ఆకుపచ్చగా, స్పష్టంగా తెలుస్తుంది.

ఆ మంటలో కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలుంటాయి. ఎండలోనూ ఇవి ఉంటాయి, కాకపోతే మంటలో తీవ్రత ఎక్కువ. కొత్త హెల్పర్లకు ఇది ఎక్కదు. "ఒక్క టాకే కదన్నా" అంటూ నన్ను పక్కన పెట్టి, మొహం తిప్పుకుని రాడ్డు ఆనిస్తారు. అప్పటికేమీ కాదు. ఇంటికెళ్లి తిని పడుకున్నాక కళ్లలో ఇసుక పోసినట్టు మొదలవుతుంది. నీళ్లు కారతాయి, దీపం వైపు చూడలేరు. కంటి పైపొర కమిలిందన్నమాట. సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో తగ్గుతుంది. చనుబాలు పోయించుకునేవాళ్లూ ఉన్నారు. డాక్టర్లు మాత్రం సొంత వైద్యం వద్దు, కళ్లు నలపొద్దు, వచ్చి చూపించుకోండి అంటారు.

మా మేస్త్రీ నేను లేకుండా రాడ్డు ముట్టడు. అదే మనిషి మిట్టమధ్యాహ్నం సామాను కోసం బండి మీద హబ్సిగూడ మీదుగా ఉప్పల్ రింగ్ రోడ్డుకు వెళ్తే కళ్లకు ఏ అడ్డూ ఉండదు. పైన సూర్యుడు, కింద కాంక్రీటు నుంచి ఎదురుకొట్టే ఎండ. అతినీలలోహిత సూచిక 11కు చేరితే అతితీవ్రమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన వేసవి మధ్యాహ్నాలకు అది కొత్త కాదు. ఆ రాత్రికి కళ్లు మండవు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. దెబ్బ ఏళ్ల తరబడి పోగవుతుంది. తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి కండ పెరుగుతుంది, శుక్లం ముందే ముసురుకుంటుంది.

ఒక వేసవిలో ఆయన రోడ్డు పక్కన చవగ్గా నల్ల కళ్లజోడు కొన్నాడు. నా చుట్టమే అనుకున్నాను. కాదు, దాని నలుపు ఉత్త రంగే. చీకటి చేస్తే కంటిపాప పెద్దదవుతుంది. కిరణాల్ని ఆపే గుణం అద్దంలో లేకపోతే అవి ఆ వాకిట్లోంచి ఇంకా ఎక్కువగా లోపలికి పోతాయి. ఉత్తినే చల్లగా ఉందని మనిషి ఎండలో ఇంకాసేపు ఉంటాడు. తర్వాత కళ్లద్దాల షాపులో మిషన్ మీద పెట్టి చూస్తే గుట్టు తెలిసింది. 400 నానోమీటర్ల దాకా కిరణాల్ని ఆపేదాన్ని 'యూవీ 400' అంటారు. ఆ గుణముంటే రంగులేని అద్దమైనా చాలు.

నన్నూ అతిగా నమ్మొద్దు. 2022 అక్టోబరు 25, దీపావళి మర్నాడు, సాయంత్రం అయిదు ప్రాంతంలో సూర్యగ్రహణం పట్టింది. విడవకుండానే పొద్దు గుంకింది. ఆ రోజు హెల్పర్ నన్ను పట్టుకుని బయటికి ఉరికాడు. మేస్త్రీ లాక్కున్నాడు: "అరేయ్, ఇది పదకొండు నంబరు. సూర్యుణ్ని చూడాలంటే పద్నాలుగు ఉండాలె!" కంటి వెనక తెరకు నొప్పి తెలియదు, కాలుతున్నా మనిషికి కబురు రాదు. తెల్లారి చూపు మధ్యలో మచ్చ పడ్డాకే తెలుస్తుంది.

2031 మే 21న ఒక సూర్యగ్రహణం ఉంది. కేరళ, తమిళనాడుల్లో కొన్నిచోట్ల వలయంగా, మనకు పాక్షికంగా. ఆ రోజు 14 నంబరో, గ్రహణం కోసమే చేసిన అద్దాలో లేకుండా పైకి చూడకండి. అందాకా రోజూ వచ్చే ఎండ సంగతి చూసుకోండి. పది నుంచి నాలుగింటి దాకా అంచున్న టోపీయో గొడుగో వాడండి, పిల్లలకూ పట్టండి. కళ్లజోడు కొనేటప్పుడు నలుపు చూసి కాదు, పరీక్ష చేయించి కొనండి.