అంతర్వాహినికి ఆనకట్ట

కాసిపేట బొగ్గు బాయిల మీద పనిచేసేవాళ్లకు కాళేశ్వరం దగ్గరి దేవుడే. ప్లే డే, అంటే సెలవు రోజు చూసుకుని ఇంటిల్లిపాదీ బయల్దేరి, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట మూడు మునకలేసి గుడికి పోతారు. అక్కడ ఒకే పానవట్టం మీద రెండు లింగాలు: ఒకటి యముడిది, ఒకటి శివుడిది. తొలి పూజ యముడికే. బాయి దిగేవాడికి ఈ వరుస ఎవరూ నేర్పనక్కర్లేదు.

ముక్తేశ్వర లింగానికి రెండు రంధ్రాలుంటాయి. అందులో పోసిన నీళ్లు భూమి లోపలి దారిన సంగమానికి చేరతాయని భక్తుల నమ్మకం. టెండరు లేదు, మోటారు లేదు, కరెంటు బిల్లు అసలే లేదు.

ఇంత చవకగా నీళ్లు పారితే సర్కారుకు నచ్చుతుందా? 2016 మే 2న అదే దేవుడి పేరుతో ఎత్తిపోతల ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. అంతకుముందు ప్రాణహితను తుమ్మిడిహెట్టి దగ్గర ఆపి, అప్పటి మన ఆదిలాబాద్ జిల్లా మీదుగా నీళ్లు తేవాలనుకున్నారు. అక్కడ నీళ్లు చాలవంటూ ఆనకట్టను దిగువన మేడిగడ్డకు దించారు. కిందికి దించాక మళ్లీ పైకి తోడాలి కదా, కన్నెపల్లిలో 17 మోటార్లు పెట్టారు. 2022 జూలై వరదకు గోడ కూలి పంపుహౌస్ మునిగింది. అదే మా బాయిలో ఊటనీళ్లు తోడే పంపు మునిగితే ఆపరేటర్ చేతికి చార్జిషీటు వస్తుంది.

బ్యారేజీలకు అమ్మవార్ల పేర్లు పెట్టారు. మేడిగడ్డ లక్ష్మి, అన్నారం సరస్వతి, సుందిళ్ల పార్వతి. పెట్టినవాళ్లు పురాణం సగమే విన్నట్టుంది. లక్ష్మి చంచల, 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకు కుంగింది. సరస్వతి అంతర్వాహిని, కొద్దిరోజులకే అన్నారం అడుగు నుంచి నీళ్లు ఊరాయి. పార్వతిని కూడా ఖాళీ చేయక తప్పలేదు.

సర్కారు మారినా కాళేశ్వరం మీద భక్తి తగ్గలేదు. కొత్తవాళ్లు 2024లో బ్యారేజీల మీద విచారణకు జస్టిస్ పి.సి. ఘోష్ కమిషన్ వేశారు. విచారణ నడుస్తుండగానే 2025 మే 15 నుంచి 26 దాకా సరస్వతి పుష్కరాలు ఘనంగా చేశారు. కనిపించని నదికి ఘాట్లు, హారతులు. కనిపించే బ్యారేజీకి గేట్లెత్తి కాపలా. జూలై 31న కమిషన్ నివేదిక అందింది.

2027లో గోదావరి పుష్కరాలు. కాసిపేట నుంచి పోయేవాళ్లు ముక్తేశ్వరుడికి చెంబెడు నీళ్లు పోసి కొడుకు నౌకరీ, బిడ్డ పెండ్లి అడుక్కోండి. వదిలేసిన తుమ్మిడిహెట్టి సంగతి మాత్రం దేవుణ్ని కాదు, ఓటుకొచ్చినవాణ్ని వాకిట్లో నిలబెట్టి అడగండి.