90 గంటలకు రెడీ!

ఇంజినీరింగ్ కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీని ఎప్పుడైనా తీరిగ్గా చూశారా? ఒకే కుర్రాడి ఫొటో నాలుగు చోట్ల నవ్వుతుంటుంది. నాలుగు కంపెనీలు ఎంపిక చేసుకున్నాయట! కాలేజీ లెక్కలో అవి నాలుగు ఉద్యోగాలు. కింద చిన్న అక్షరాల్లో మూడున్నర లక్షల ప్యాకేజీ. పదేళ్లుగా అది అక్కడే ఉంది, ఫీజు మాత్రం ఏపుగా ఎదిగింది.

2024లో సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ మంచి కాలేజీలకు సీట్ల పరిమితి ఎత్తేసింది. మన దగ్గర మంచిది కాని కాలేజీ ఉంటేగా! కంప్యూటర్ సైన్స్ సెక్షన్లకు ఇంగ్లిష్ అక్షరాలు చాలడం లేదు. మరుసటి ఏడాది జులైలో టీసీఎస్ 12 వేల మందికి పైగా ఉద్యోగుల్ని ఇంటికి పంపుతానంది. కారణం ఏఐ కాదట, నైపుణ్యాలు కుదరకపోవడమట. పోనీలెండి, పోయిన ఉద్యోగానికి మర్యాదైన పేరు దొరికింది.

క్లాసులో నైపుణ్యానికేం లోటు? అసైన్‌మెంట్ చాట్‌జీపీటీ రాస్తుంది. సారు దిద్దమని మళ్లీ దానికే ఇస్తారు. సారూ శిష్యుడూ క్యాంటీన్లో కలుసుకుంటారు. హాజరు మాత్రం 75 శాతం ఉండాల్సిందే.

వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు. ఎల్ అండ్ టీ సుబ్రహ్మణ్యన్ గారు 90కి పెంచి, ఇంట్లో కూర్చుని భార్యను ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. ఆఫర్ లెటరొచ్చి జాయినింగ్ తేదీ రాని మన కుర్రాడు ఎప్పుడో రెడీ. వారానికి 168 గంటలూ మెయిల్ బాక్సే చూస్తున్నాడు. ఉద్యోగం లేదని పిల్లనెవరూ ఇవ్వలేదు కాబట్టి, భార్యను చూసే బాధా లేదు.