నలుపూ తెలుపూ

మనవరాలి పెళ్లి ఖర్చులకు అరెకరం అమ్ముదామని పెద్దాయన సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాడు. కంప్యూటరు ముందున్న కుర్రాడు సర్వే నంబరు కొట్టి, "ఇది రిజిస్ట్రేషన్ కాదు తాతా, 22-ఏలో ఉంది" అన్నాడు.

"అంటే ఏంది నాయనా?"

"నిషేధ జాబితా. మీది చుక్కల భూమి."

నెల్లూరు, చిత్తూరు, ప్రకాశం, కడప జిల్లాల్లో ఆ మాట తెలియని రైతు అరుదు. వందేళ్ల కిందట దొరల హయాంలో భూములు మళ్లీ కొలిచి, శిస్తు కట్టి, రీసెటిల్‌మెంట్ రిజిస్టరు రాయించారు. రెవెన్యూ వాళ్ల నోట అది ఆరెస్సార్. సర్కారు భూమైతే సర్కారుదని, పట్టా భూమైతే పట్టాదారు పేరు రాశారు. ఫలానా వాళ్లదని ఎవరూ వచ్చి చెప్పని చోట గుమాస్తా ఆ గడిలో వరసగా చుక్కలు పెట్టి పక్క నంబరుకు వెళ్లిపోయాడు. తరాల పాటు ఆ చుక్కల జోలికి ఎవరూ పోలేదు. తర్వాత రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ కింద నిషేధ జాబితాలు తయారు చేస్తూ, పేరు లేదు గనక ప్రభుత్వానిదేనని వీటిని కూడా అందులో వేశారు. దున్నుకునే వాడికి అమ్మే దారి లేదు, తాకట్టు పెట్టే దారి లేదు. గోల పెద్దదయ్యాక 2017లో చుక్కల భూముల కోసం ప్రత్యేకంగా చట్టమే తేవాల్సి వచ్చింది.

పెద్దాయన మాత్రం కంగారు పడలేదు. రోడ్డు పక్కనున్న తన రెండున్నర ఎకరాలకు ఏనాడూ చుక్కల్లేవు. 1984లో కరణాలు పోకముందు, ఆరెస్సార్‌లో తాత పేరును కరణం వేలు పెట్టి చూపిస్తే తాను చూశాడు. శిస్తు రశీదులు సంచిలో వేసుకుని తహసీల్దారు ఆఫీసుకు పోయాడు.

రికార్డు అసిస్టెంటు పాతకాలపు మనిషి. కుర్చీ వేసి కూర్చోబెట్టి, స్కాన్ చేసిన పేజీ తెర మీద తెరిచాడు. తెల్లటి కాగితం, సర్వే నంబరు, విస్తీర్ణం. పట్టాదారు గడిలో నల్లగా, గుండ్రంగా, వరసగా చుక్కలు.

"చూశారు గదా పెద్దాయనా. ఆపరేటర్లు సొంతంగా ఏమీ చెయ్యలేదు. పేరు కనబడకపోతే అడంగల్ చూసి నింపమన్నారు, నింపారు. చుక్కలుంటే చుక్కలే ఎక్కించమన్నారు, ఎక్కించారు."

"ఆ కాగితం చూపీ నాయనా. ఈ టీవీలో వద్దు."

రికార్డు రూము తలుపు తీస్తే ముక్క వాసన. గోడకు చెమ్మ, బీరువాల మీద ఎర్రగుడ్డ మూటలు. ఆ ఊరి అచ్చు ప్రతి ఎప్పుడో శిథిలమైపోయింది, మిగిలింది చేతిరాత నకలొక్కటే. స్కానింగు వాళ్లు దాని కుట్టు విప్పేశారు. అసిస్టెంటు మూట విప్పి, విడి కాగితాలు ఒక్కొక్కటే తిరగేసి, ఆ పేజీని కిటికీ దగ్గరకు తెచ్చాడు.

పట్టాదారు గడిలో తాత పేరుంది. గోధుమరంగుకు తిరిగి, వెలిసిపోయి, అయినా ఇంటిపేరుతో సహా ఉంది. ఆ అక్షరాల మధ్యగా సూదితో పొడిచినట్టు చిన్న చిన్న బెజ్జాలు. వాటిలోంచి వెలుతురు వస్తోంది.

అసిస్టెంటు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఇవి గుమాస్తా పెట్టిన చుక్కలు కావు పెద్దాయనా. పురుగు తొలిచిన బెజ్జాలు!"

జరిగిందేమిటో ఆయనకు అప్పుడు అర్థమైంది. స్కానింగు కాంట్రాక్టు పేజీకింత అని. కాగితాలను నల్లటి పలక మీద పరిచి పైనుంచి కెమెరాతో తీసుకుంటూ పోయారు. రంగుల్లో దాస్తే ఫైలు బరువెక్కుతుందని ఉత్త నలుపు తెలుపుల్లో దాచారు. ఆ పద్ధతిలో యంత్రానికి మధ్యరకం ఉండదు, ప్రతి మచ్చా అయితే నలుపు, లేకపోతే తెలుపు. ఇనుము కలిసిన పాతకాలపు సిరా ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ వెలిసిన అక్షరాలను యంత్రం తెలుపు కింద కొట్టేసింది. బెజ్జాల్లోంచి కనబడ్డ నల్లపలకను మాత్రం నలుపుగా ఉంచేసింది. ఉన్న పేరు పోయి లేని చుక్కలు వచ్చాయి. అంకెలు నిలిచాయంటే, ఎప్పుడో ఒక గుమాస్తా వాటిని బాల్‌పెన్నుతో దిద్దాడు గనక. పేర్లు దిద్దితే రికార్డు దిద్దాడంటారని వాటిని ముట్టుకోలేదు. ఆ నిజాయితీ ఇప్పుడు పెద్దాయన నెత్తిన పడింది.

కాగితం పట్టుకుని ఇద్దరూ తహసీల్దారు గదికి వెళ్లారు. ఆయనా మంచివాడే. పేజీని చాలాసేపు చూసి, "పేరు నాకూ కనబడుతోందండీ. కానీ ఇది మార్చే ఆప్షను నా లాగిన్‌లో లేదు" అన్నాడు.

"మరి నన్నేం జెయ్యమంటారు సామీ?"

"చుక్కల భూమి చట్టం కింద అర్జీ పెట్టుకోండి. పన్నెండేళ్లు సాగులో ఉన్నట్టు రుజువులు జతచెయ్యండి. జిల్లా కమిటీ చూసి పేరు ఎక్కిస్తుంది."

"చుక్కల్లేని భూమిని చుక్కల భూమి అని నేనే రాసియ్యాలా?"

"అలా రాస్తేనే అర్జీ తీసుకుంటారు."

పెద్దాయన కాసేపు ఆలోచించాడు. పెళ్లి ముహూర్తం దగ్గర పడుతోంది. 'నా అనుభవంలో ఉన్న చుక్కల భూమి' అని అసిస్టెంటు రాసి పెడితే, కింద సంతకం చేశాడు.

లేచి వెళ్లబోతుంటే తహసీల్దారు, "ఒక్క నిమిషం" అని జేబులోంచి ఫోను తీశాడు. "కొత్త రికార్డు భవనం కావాలని ఎన్నిసార్లు రాసినా పైవాళ్లు పట్టించుకోవడం లేదు. పురుగు ఎంత పని చేసిందో ఈ పేజీ చూస్తే తెలుస్తుంది. ఫొటో తీసి జతచేస్తాను."

కాగితం గాలికి లేస్తుంటే పెద్దాయనే రెండు వైపులా అంచులు పట్టుకుని నిలబడ్డాడు. "తీయండి సామీ. పుణ్యముంటుంది. ఇంకొకరి పేరు పురుగు నోట పడగూడదు."

పెళ్లికి వడ్డీకి తెచ్చారు. అర్జీ కమిటీ దగ్గరే ఉంది. కోతలయ్యాక ఒక పొద్దున పెద్దాయన చేనికి పోయేసరికి నలుగురు మనుషులు గెనాల మీద గొలుసు పరిచి, మూలల్లో రాళ్లు పాతుతున్నారు. వాళ్ల పక్కన ఫైలు పట్టుకుని రికార్డు అసిస్టెంటు.

"ఏంది నాయనా ఇది?"

"సర్కారు భవనానికి స్థలం పెద్దాయనా. మండలంలో రోడ్డు పక్కన రెండెకరాలకు తగ్గకుండా ప్రభుత్వ భూమి ఎక్కడుందని కంప్యూటర్లో కొడితే ఇదొక్కటే వచ్చింది."

"నాదని తమరికి తెలియదా?"

"నాకు తెలుసు. తహసీల్దారు గారికీ తెలుసు. అభ్యంతరం రాసి పంపాం కూడా. చుక్కల భూమేనని రైతే సంతకం చేసి ఇచ్చాడు గదా అని మీ అర్జీయే చూపించి తిప్పి పంపారు."

పెద్దాయన గెనెం మీద కూలబడ్డాడు. చాలాసేపటికి, "ఇంతకీ ఏం కడతారు ఇక్కడ?" అన్నాడు.

అసిస్టెంటు ఫైలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"రికార్డుల భవనం పెద్దాయనా. ఏసీ గదులు, ఇనుప బీరువాలు, పురుగు అన్నది చొరబడదు. ఇన్నేళ్లుగా రాస్తే కదలని వాళ్లు, మీరు పట్టుకుంటే తీసిన ఫొటో చూసి వెంటనే మంజూరు చేశారు. ఫోన్లో తీసింది రంగుల ఫొటో గదా, మీ తాత పేరు ఇంటిపేరుతో సహా చక్కగా కనబడుతోందంట."