ఎన్ని చక్రాలు కష్టపడాలి?

కారుకి నాలుగు చక్రాలుంటాయి. నాలుగూ తిరుగుతాయి. ఇంతవరకూ ఎవరికీ పేచీ లేదు. ఆ నాలుగింటిలో ఇంజను తిప్పితే తిరిగేవి ఎన్ని, బండి కదిలింది కదా అని తిరిగేవి ఎన్ని అన్న దగ్గరే లోకం రెండుగా చీలిపోయింది. మామూలు చిన్న కార్లలో ముందు రెండూ లాగుతాయి, వెనక రెండూ వెంట వస్తాయి. వాటి గురించి ఎవరూ గొంతు చించుకోరు. స్పోర్ట్స్ కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వెనక చక్రాలవాళ్ళు, నాలుగు చక్రాలవాళ్ళు అని రెండు మఠాలు. ద్వైతులూ అద్వైతులూ అయినా వాదం మధ్యలో భోజనానికి లేస్తారు. వీళ్ళు లేవరు.

విషయం తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఉమ్మడి కుటుంబంలో ఇద్దరు అన్నదమ్ములు మోకాటిలోతు బురదలో దమ్ము చేస్తుంటే, మిగతా ఇద్దరు గట్టు మీద నిలబడి ఎటు పోవాలో చెబుతుంటారు చూడండి, అదీ రియర్ వీల్ డ్రైవ్. వెనకవాళ్ళు తోస్తారు, ముందువాళ్ళు దారి చూపిస్తారు. ఆల్ వీల్ డ్రైవ్‌లో నలుగురూ బురదలోకి దిగుతారు. పని తొందరగా తెములుతుంది, కాని దారి చూపాల్సినవాడి చేతులు కూడా పనిలోనే ఉంటాయి కాబట్టి చూపించే దారి కాస్త మొద్దుబారుతుంది.

నేనీ గొడవలోకి దిగింది యాభై దాటాక. అమెరికాలో ఆ వయసు మగవాడు స్పోర్ట్స్ కారు వైపు చూస్తే దాన్నొక జబ్బు కింద జమకడతారు. మా భీమవరం వైపు ఆ వయసుకి క్లబ్బులో చేరి పేకాటకి కూర్చుంటారు. దానితో పోలిస్తే నెలకి ఎంత పోతుందో ముందే తెలిసిన వ్యసనం నాది. ఉండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన. చిన్నదాని కాలేజీ ఫీజు ఆఖరి వాయిదా కట్టిన సాయంత్రమే పోర్షే 911 సెకండ్‌హ్యాండ్ ధరలు చూడటం మొదలుపెట్టాను. కొత్తది కొనే స్తోమత లేదు గనక 2012లో ఇక్కడికొచ్చిన 991 తరం మీద కన్ను పడింది. ఆరు సిలిండర్లు, 350 హార్స్‌పవరు, పేరుకి నాలుగు సీట్లు. వెనక సీట్లో కందిపప్పు సంచి సుఖంగా కూర్చుంటుంది. మనిషి కూర్చోవాలంటే మోకాళ్ళు ఇంట్లో పెట్టి రావాలి.

అందులోనే రెండు రకాలు. కరేరా అంటే వెనక చక్రాల బండి, కరేరా 4 అంటే నాలుగూ. ఇంజను అదే. నాలుగు చక్రాలదానికి బరువు యాభై కిలోల దాకా ఎక్కువ, నడుము వెనక 44 మిల్లీమీటర్లు వెడల్పు, వెనక లైట్లు రెంటినీ కలుపుతూ సన్నటి ఎర్ర దీపాల పట్టీ. "ఆ పట్టీ బాగుందండీ" అంది మా ఆవిడ. ఈ వ్యవహారం మొత్తంలో నేను విన్న అభిప్రాయాల్లో శషభిషలు లేనిది అదొక్కటే.

మా తోడల్లుడు ఇక్కడే ఒక కార్ల కంపెనీలో చాసిస్ ఇంజనీరు. డెట్రాయిట్‌లో తెలుగువాళ్ళింట సత్యనారాయణ వ్రతానికి వెళితే సాఫ్ట్‌వేరువాళ్ళు ఒక మూల, బ్రేకులవాళ్ళూ గేర్‌బాక్సులవాళ్ళూ ఇంకో మూల చేరతారు. ప్రసాదం చేతిలో పడేలోపు ఏదో ఒక సస్పెన్షన్ మీద తీర్పు వచ్చేస్తుంది. మావాడు ఆ రెండో మూలకి పెద్ద. నేను కారు కొంటున్నానని తెలియగానే కాగితం, పెన్నూ అడిగాడు.

"అన్నయ్యగారూ, టైరుకి రోడ్డు మీద ఉండే పట్టు ఇంతే అని ఒక లెక్కుంటుంది. దాన్ని తోయడానికి వాడేస్తే తిరగడానికి మిగలదు. మీరు మలుపులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కారనుకోండి, వెనక టైర్ల పట్టంతా తోపుడికే ఖర్చయిపోతుంది. అప్పుడు బండి వెనక భాగం ముందుకొస్తానంటుంది."

"వస్తే?"

"మీరు వచ్చిన దారి మీకే మళ్ళీ కనిపిస్తుంది."

అదే తోపుడు నాలుగు టైర్లకీ పంచితే ఒక్కోదానికి కాస్తో కూస్తో పట్టు మిగులుతుందని అతని వాదం. నా చదువు కూడా తక్కువదేం కాదు, నెలల తరబడి అదే పనిలో ఉన్నాను. 911కి ఇంజను వెనక ఇరుసుకి కూడా వెనకాల వేలాడుతుందనీ, బరువులో అరవై శాతం పైన అక్కడే ఉంటుందనీ, గట్టిగా తొక్కితే ఇంకాస్త బరువు వెనక్కి వాలుతుందనీ చెప్పాను. అంటే తోసే చక్రాల మీదే బరువంతా. వేరే ఏ బండికైనా నాలుగు చక్రాల ఊతం కావాలేమో గాని దీనికెందుకన్నాను. అతను ఒప్పుకున్నాడు. తోడల్లుడి ఒప్పుకోలుకి ఎప్పుడూ తోక ఉంటుంది.

"కాని, మంచులో?"

మంచు అన్న మాట వినపడగానే వంటింట్లోంచి మా ఆవిడ వచ్చేసింది. ఇక్కడ ఆ మాటకి అంత బలం ఉంది. నవంబరు నుంచి మార్చి దాకా అది ఎప్పుడు పడుతుందో తెలియదు, పడ్డది ఎప్పుడు గడ్డకడుతుందో తెలియదు. ఆవిడ దృష్టిలో నాలుగు చక్రాలూ తిప్పని బండి చలికాలంలో బండే కాదు. నాలుగు చక్రాల డ్రైవ్ బయలుదేరడానికే గాని ఆగడానికి పనికిరాదని నేను చెప్పాను. ఆగడానికి ప్రపంచంలోని ప్రతి కారుకీ బ్రేకులు నాలుగే. స్పోర్ట్స్ కార్లకి వేసే వేసవి టైర్ల రబ్బరు ఏడు డిగ్రీల సెల్సియస్ దిగువన బిగుసుకుపోతుంది. అప్పుడు దాన్ని నాలుగు చక్రాలు తిప్పినా, నలభై చక్రాలు తిప్పినా మంచు మీద జారడమే. మంచు పడ్డ పొద్దున ఐ-96 పక్క పల్లంలోకి దిగిపోయి ఉండే బళ్ళు చూశాను, పెద్ద పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్‌లకి అక్కడ కొదవేం లేదు. ధైర్యం నాలుగు చక్రాల నుంచీ వస్తుంది, పట్టు టైరుకి ఉన్నంతే ఉంటుంది.

ఇక చరిత్రలోకి వెళ్ళాం. ఇంట్లో వాదం గెలవలేనప్పుడు మగవాళ్ళు చరిత్రలోకి వెళతారు. 1980లో జెనీవా మోటార్ షోలో ఆడి క్వాట్రో వచ్చి రాలీ పందేల తలరాత మార్చేసిందన్నాడతను. 1986లో ఆడి 100 ఒకటి ఫిన్లాండులో స్కీ జంప్ కొండని కిందినుంచి పైకి ఎక్కే ప్రకటన వీడియో తీసి చూపించాడు. అది చూసి మా ఆవిడ "మన డ్రైవ్‌వే కూడా ఏటవాలే కదా" అంది. పైగా 1981లో సాన్‌రెమో రాలీ గెలిచి, ప్రపంచ రాలీ ఛాంపియన్‌షిప్‌లో ఒక పందెం నెగ్గిన మొదటి మహిళగా పేరు తెచ్చుకున్న మిషెల్ ముటోన్ నడిపింది కూడా ఆ క్వాట్రోయేనని తెలిశాక, ఇక నాలుగు చక్రాల పక్షం మా ఇంట్లో స్త్రీ పక్షం కూడా అయి కూర్చుంది.

నేను ఫార్ములా వన్ తీశాను. 1961లో ఔల్టన్ పార్కులో స్టిర్లింగ్ మాస్ ఫెర్గూసన్ పీ99తో గెలిచాడు. నాలుగు చక్రాలూ తిప్పే బండి ఫార్ములా వన్‌లో గెలవడం అదే మొదలు, అదే ఆఖరు. 1969లో లోటస్, మాత్రా, మెక్‌లారెన్ తలా ఒకటి తయారుచేసి, బరువూ నడిపేవాళ్ళ విసుగూ చూసి పక్కన పెట్టేశాయి. "1983 నుంచి దాన్ని ఏకంగా నిషేధించారు" అన్నాను. "ఎందుకూ పనికిరానిదాన్ని ఎవరైనా నిషేధిస్తారా అన్నయ్యగారూ?" అన్నాడు. ఇలాంటి ప్రశ్నలు వేసేవాడికి రెండోసారి పులిహోర వడ్డించకూడదు.

రెండు మఠాలకీ రాజీ కుదిర్చినవాళ్ళు కూడా లేకపోలేదు. 2017లో బయటికొచ్చిన బీఎండబ్ల్యూ ఎం5కి నాలుగు చక్రాల డ్రైవ్ ఇచ్చారు. ఇచ్చి, దాన్ని పూర్తిగా ఆపేసి వెనక చక్రాలతోనే తోలుకునే ఏర్పాటు కూడా పెట్టారు. అలా తోలాలంటే ముందు బండిని జారకుండా కాపాడే కంప్యూటర్ని కూడా సెలవు మీద పంపాలి. ముందు చక్రాలకి డబ్బు కట్టాలి, తరవాత వాటిని ఖాళీగా కూర్చోబెట్టే మీటకీ కట్టాలి. జర్మన్లకి హాస్యం తెలియదని ఎవరన్నారో గాని, వాళ్ళు ఆ బిల్లు చూసి ఉండరు.

అసలు నా మనసులో ఉన్నది వేరు. వెనక చక్రాల బండిలో తప్పు జరిగితే అది మనది. నాలుగు చక్రాల బండిలో ఒప్పు జరిగితే అది బండిది. ముప్పై ఏళ్ళుగా కోడ్ రాసి రాసి, ఒప్పు జరిగితే మేనేజరుదీ తప్పు జరిగితే నాదీ అయిన బతుకు. కనీసం తప్పైనా నేను స్వయంగా, సరదాగా చేసుకునే అవకాశం ఒక్కటి అడుగుతున్నాను. ఈ మాట తోడల్లుడికి చెప్పలేదు. చెబితే దానికీ గ్రాఫు గీస్తాడు.

ఇంతకీ మేమింతగా కొట్టుకుంటున్నది దేని గురించి? మలుపుల గురించి. డెట్రాయిట్ చుట్టుపక్కల రోడ్లు గళ్ళ కాగితం మీద గీసినవి. మైలుకొక రోడ్డు, పేర్లు కూడా ఎయిట్ మైల్, ట్వెల్వ్ మైల్, అలా లెక్కల పుస్తకంలోంచి వచ్చినట్టే. మలుపు అనేది ఫ్రీవే ఎక్కేచోటా దిగేచోటా తప్ప కనపడదు. ఎడమకి తిరగడానికి కూడా చాలాచోట్ల నేరుగా తిరగనివ్వరు. ముందుకెళ్ళి, యూ టర్న్ కొట్టి, వెనక్కొచ్చి, కుడికి తిరగాలి. దాన్ని మిషిగన్ లెఫ్ట్ అంటారు. వంకర రోడ్డు కావాలంటే ఉత్తరాన చెట్ల మధ్య పోయే ఎం-119 ఉంది, గంటల ప్రయాణం. దగ్గర్లో కావాలంటే హెల్ అనే ఊరి వైపు పోవాలి. ఊరి పేరు నిజంగానే అది. "ఎక్కడికండీ?" అంటే "నరకానికి" అని చెప్పి బయలుదేరే సౌకర్యం వేరే రాష్ట్రంలో ఉందో లేదో.

ఒక డీలరు దగ్గర రెండు రకాలూ దొరికితే వెళ్ళాం. "తేడా మీకే తెలుస్తుంది" అన్నాడు సేల్స్‌మన్, దేవుడి మహిమ గురించి చెప్పే గొంతుతో. మొదట కరేరా, తరవాత కరేరా 4. రెండూ సిగ్నల్ దగ్గర ఒకేలా ఆగాయి. రెండూ గంటకి నలభై అయిదు మైళ్ళ రోడ్డులో చెత్త లారీ వెనక ఒకేలా పోయాయి. ఫ్రీవే ర్యాంపు మీద కాస్త తొక్కుదామంటే పక్క సీట్లో మా ఆవిడ రెండుసార్లూ ఒకేలా "ఏమండీ" అంది. ఈ ఏమండీ ఏ డ్రైవ్‌ట్రెయిన్‌లోనైనా బ్రేకుగా పనిచేస్తుంది. "తేడా తెలిసిందా?" అన్నాడు సేల్స్‌మన్. "రెండోదానికి ఎర్ర పట్టీ ఉంది" అంది ఆవిడ.

ఆ ఆదివారం నాన్నగారికి వీడియో కాల్‌లో బొమ్మలు చూపించాను. ఆయన ట్రాక్టరు మనిషి. కారుని తలుపులున్న ట్రాక్టరుగానే చూస్తారు.

"ముందు చక్రాలు కూడా లాగుతాయా? మన పక్క చేనాయన అలాంటి ట్రాక్టరే కొన్నాడ్రా. దమ్ములో దిగబడదంటాడు. మనది వెనక చక్రాలదే. ఇనప చక్రాలు కట్టుకుంటే అదీ దిగబడదు. చక్రం ఎలాంటిదో ముందు చూసుకో, ఎన్ని లాగుతున్నాయన్నది తరవాత."

వేసవి టైర్లు, చలి టైర్లు అంటూ నేను నెలల తరబడి చదివిందంతా ఇనప చక్రాల్లో తేలిపోయింది. ఇంతలో తోడల్లుడు ఫోన్ అందుకుని టార్క్ వెక్టరింగ్ గురించి మొదలుపెట్టాడు. మలుపులో లోపలి వెనక చక్రానికి కంప్యూటరే చిన్న బ్రేకు వేసి బండిని లోపలికి తిప్పుతుంది బాబాయిగారూ అన్నాడు. నాన్నగారు ఓపిగ్గా విన్నారు. ట్రాక్టరుకి కుడి ఎడమ చక్రాలకి విడివిడిగా బ్రేకు పెడళ్ళుంటాయి. చేను మూలకి వచ్చినప్పుడు లోపలివైపు బ్రేకు ఒక్కటీ తొక్కితే బండి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. రోడ్డెక్కాక రెండు పెడళ్ళనీ కలిపి కొక్కెం వేసేస్తారు. "అదేగా బాబూ, మా పాలేరు కాలితో చేసేవాడు" అన్నారు. తోడల్లుడు గీసిన గ్రాఫు మడిచి జేబులో పెట్టుకోవడం నేనదే చూడటం.

"ఇంతకీ ఎంత హార్స్‌పవరురా?"

"350, నాన్నగారూ."

"మనది 45. దాంతోనే ఊరి చేలన్నీ దమ్ము చేసి పెట్టాం. నీది ఏం చేస్తుంది?"

"నన్ను ఆఫీసుకి తీసుకెళుతుంది."

"ఒక్కడివేనా?" అన్నారు. తరవాత కాసేపు వానల గురించి మాట్లాడుకున్నాం.

తీర్పు చివరికి మా ఆవిడే చెప్పింది. ఆవిడ అకౌంటెంటు. చలికాలంలో బండిని ఏం చేస్తారని అడిగింది. గరాజులో కవరు కప్పి పెడతానన్నాను. ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే వెయ్యి అడుగులకి పైగా లోతున ఉప్పు గని ఉంది, కాబట్టి చల్లేవాళ్ళ చెయ్యి ధారాళం. ఉప్పు తిన్నవాడు విశ్వాసంగా ఉంటాడంటారు గాని ఇనుముకి ఆ సంగతి తెలియదు, తిన్నచోటల్లా తుప్పు పడుతుంది. అందుకని మంచు పడగానే లోపల పెట్టేస్తానని వివరంగా చెప్పాను.

"అంటే మంచులో బయటికి తియ్యరు."

"తియ్యను."

"ఆఫీసుకి నా ఎస్‌యూవీలో వెళతారు. దానికి నాలుగు చక్రాలూ లాగుతాయి."

"లాగుతాయి."

"మరి ఇంటికి ఒకటి చాలదూ? గరాజులో పడుకునే బండికి నాలుగు చక్రాలూ ఎందుకండీ లాగడం?"

నేనూ తోడల్లుడూ మొహమొహాలు చూసుకున్నాం. మాస్, ముటోన్, టైరు పట్టు, ఇరుసు బరువు, అన్నీ పక్కకి తప్పుకుని దారిచ్చాయి. అలా నేను గెలిచాను. నా వాదనల్లో ఒక్కటి కూడా అందుకు పనికిరాలేదన్నది వేరే సంగతి. కరేరానే ఖాయమైంది. ఆ ఎర్ర పట్టీ ఒక్కటీ విడిగా అమ్ముతారేమో కనుక్కోమంది ఆవిడ. కనుక్కుంటున్నాను.

బండి వెతకడం మొదలుపెట్టాక బయటపడిన విషయం ఏమిటంటే, ఈ 991 కరేరా ఏడు గేర్ల మాన్యువల్‌లోనూ వస్తుంది, తనంతట తానే మార్చుకునే పీడీకేలోనూ వస్తుంది. వెనక చక్రాలవాడినన్నాక గేర్లు కూడా నా చేత్తోనే వేసుకోవాలని నా అభిప్రాయం. ఎడమ మోకాలి గురించి డాక్టరు ఏమన్నాడో గుర్తుందా అని ఆవిడ అభిప్రాయం. కంప్యూటరు ఎన్ని మిల్లీసెకన్లలో గేరు మారుస్తుందో, నేను ఎన్నింటిలో మారుస్తానో పక్కపక్కన గీసి తెస్తానన్నాడు మా తోడల్లుడు. శనివారం మధ్యాహ్నం భోజనానికి వస్తున్నాడు. పులిహోర చెయ్యవద్దని చెప్పాను.